మూడింటి దాకా లేపొద్దు

అక్క పోయిందన్న కబురు నాకు గంటన్నర ఆలస్యంగా తెలిసింది. శనివారం పొద్దున్న ఆరింటికి వాళ్ళమ్మాయి విజయవాడ నుంచి ఫోన్ చేస్తే మా ఆయన ఎత్తారు. ముందురోజు నాకు ఒంట్లో బాగోక, తెల్లవారుజామున గానీ కన్ను మూతపడలేదు. "మీ ఆంటీ ఇప్పుడే పడుకుందమ్మా, లేపమంటావా?" అని అడిగారట. "వద్దంకుల్, లేచాకే చెప్పండి. అమ్మయినా అదే చెప్పేది," అందట ఆ పిల్ల. తల్లి పోయి గంట కూడా కాలేదు, నా నిద్ర గురించి ఆలోచించింది. అక్క పెంపకం అలాంటిది.

ఏడున్నరకి లేచి కాఫీ కలుపుకుంటుంటే ఆయన వచ్చి చెప్పారు. స్టవ్ కట్టేసి గట్టుకి ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఇక చెప్పలేను కదా అన్న ఒక్క ఆలోచనే వచ్చింది. అక్కకి చెప్పాల్సిన మాటొకటి పన్నెండేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. ఆమెకి చెప్పలేకపోయింది మీకు చెబుతున్నాను. పోయినవాళ్ళ గురించి మంచిమాటలు రాయడం తేలికే. వాళ్ళకి మనం చేసింది రాయడమే కష్టం.

అక్క నా తోడబుట్టింది కాదు. తొంభైల మొదట్లో, పెళ్ళయిన కొత్తలో, విజయవాడ మాచవరం డౌన్‌లో నాలుగు వాటాల ఇంట్లో వెనక వాటాకి మేం అద్దెకి దిగాం. పక్క వాటా ఆమెది. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. బావగారికి ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని వెళితే చీకటి పడ్డాకే రావడం. ఒక్కతే కూతురు, అప్పటికి రెండో క్లాసు చదువుతోంది. ఆదివారం ముగ్గురూ చర్చికి వెళ్ళొచ్చాక, అక్క వండిన కూర ఓ గిన్నెడు మా ఇంటికి వచ్చేది. నాలుగు వాటాలకీ ఒకటే బోరింగు, ఒకటే బట్టలుతికే రాయి. రహస్యాలు దాగే ఇల్లు కాదది. అయినా ఒక రహస్యం మాత్రం దాగింది.

అక్కకి నైట్ డ్యూటీలు పడ్డ వారాల్లో ఆమె తలుపుకి ఒక పలక వేలాడేది. కూతురి పాత పలకే, చెక్క చట్రానికి తీగ కట్టి మేకుకి తగిలించేది. దానిమీద బలపంతో గుండ్రంగా రాసి ఉండేది: "నైట్ డ్యూటీ. మూడింటి దాకా లేపొద్దు. ఇల్లు తగలబడితే తప్ప." చదువు రాని పాలామె కూడా ఆ పలక కనపడితే చెంబు చప్పుడు కాకుండా కిందపెట్టి పోయేది. సైకిలు మీద చీరలమ్మే ఆయన మా గేటు దగ్గరికొచ్చేసరికి కేక మింగేసేవాడు. బోరింగు కొట్టాలన్నా మేం పదకొండు లోపే బిందెలు నింపుకునేవాళ్ళం.

ఇంటిగలావిడ మామ్మగారికి మాత్రం ఇది అస్సలు గిట్టేది కాదు. ఒకరోజు అందరి ముందే అనేశారు.

"ఏవమ్మా, ఆడది పట్టపగలు తలుపేసుకుని పడుకుంటే ఇంట్లో లక్ష్మి నిలుస్తుందా?"

అక్క తల దువ్వుకుంటోంది. దువ్వెన ఆపకుండానే, "అదేంటి మామ్మగారూ, మీ లక్ష్మీదేవి పడుకున్నాయన కాళ్ళ దగ్గరే కదండీ కూర్చునేది! నడిచే వాళ్ళ వెంట తిరగడం నేనైతే ఏ పటంలోనూ చూళ్ళేదు," అంది.

మామ్మగారికి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు. చివరికి నవ్వే వచ్చింది. ఆ తరవాత ఆవిడే పిల్లలని గదిమేవారు, సిస్టరమ్మ పడుకుంది, అటు పోయి ఆడుకోండని.

అక్క నిద్రకి ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ దిగి తొమ్మిదింటికి రావడం, స్నానం, పెరుగన్నం. కిటికీకి నల్ల దుప్పటి కట్టి, చెవుల్లో దూది పెట్టుకుని, కళ్ళమీద తడిగుడ్డ వేసుకునేది. పడుకునే ముందు ప్రార్థన చేసేది. అది మాత్రం ఆస్పత్రి భాషలోనే. "ప్రభువా, నాలుగో మంచం ముసలాయనకి ఆయాసం తగ్గలా. తొమ్మిదో మంచం పిల్లకి జ్వరం దిగింది, మళ్ళీ వస్తుందేమో చూస్తుండు. చార్జి నీకిచ్చేశా, నేను పడుకుంటున్నా." దిగిపోయే నర్సు ఎక్కే నర్సుకి అప్పజెప్పినట్టు, దేవుడికి వార్డంతా అప్పజెప్పి పడుకునేది. మొదటిసారి గోడ అవతలి నుంచి విని నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

మూడింటికి లేచేది. మొహం కడుక్కుని, టీ తాగి, గుమ్మంలో పీట వేసుకుని రాయడానికి కూర్చునేది. పాత క్యాలెండరు కాగితాల వెనక రాసేది. కూతురు స్కూలు నుంచి నాలుగున్నరకి వస్తుంది. ఈలోపు ఉన్న గంటన్నరా ఆమెది. ఆ గంటన్నరలోనే రెండు రేడియో నాటికలూ, చర్చిలో పిల్లలు ఆడిన క్రిస్మస్ నాటకాలూ రాసింది. ఒక్కోరోజు ఒక్క ముక్కా రాయకుండా పీట మీద కూర్చుని గోడమీద చీమలని చూస్తుండేది.

"ఏం చేస్తున్నావక్కా?" అని అడిగితే, "పని," అనేది.

"ఊరికే కూర్చున్నావుగా!"

"ఊరికే కూర్చోడం కూడా పనేనే. జీతం ఉండదంతే."

నాకూ కథలు రాయాలని పిచ్చి. ఇంటి పనంతా అయ్యాక, అందరూ పడుకున్నాక కూర్చుని రాసేదాన్ని. కళ్ళు మండుతూ రాస్తే అదో గొప్ప అనుకునేదాన్ని. అలా రాసిన కథ ఒకటి తీసుకెళ్ళి అక్కకిచ్చాను. చదివి, పెన్సిలుతో ఒక పేజీ మధ్యలో ఒక గీత, తరవాత పేజీ మధ్యలో ఇంకో గీత గీసింది.

"ఇక్కణ్ణించి ఇక్కడిదాకా నిద్ర కళ్ళతో రాశావు."

"నీకెలా తెలిసింది?"

"ఇక్కడ అత్తా, కోడలూ, కూరగాయలవాడూ అందరూ ఒక్కలాగే మాట్టాడుతున్నారు. బాగా అలిసిపోయామనుకో, అందరి గొంతూ ఒకేలా వినపడుద్ది. వార్డులో తెల్లారుజాము నాలుగింటికి నాకూ అంతే. ఎవరు మూలుగుతున్నారో తెలియదు." కాగితాలు నా చేతికిచ్చి, "పడుకో. పడుకుని లేచి రాయి. నిద్ర సుఖమెరగదంటారు గానీ, నిద్ర లేకపోతే సుఖమే మనల్ని ఎరగదు," అంది.

వెళ్ళి రెండు గంటలు పడుకుని లేచి ఆ పేజీ తిరగరాశాను. కూరగాయలవాడు మొదటిసారి తన గొంతుతో మాట్లాడాడు. నేను అచ్చులో చూసుకున్న మొదటి కథ అదే.

ఆ రోజుల్లో మన జిల్లాల్లో నాటక పరిషత్తులు జోరుగా నడుస్తుండేవి. ఊరూరా పోటీలు, షీల్డులు, జడ్జీలు. ఆర్టీసీలో గుమాస్తాగా చేసే ఒకాయన సాయంత్రాలు నాటికలు ఆడిస్తుండేవారు. మేమంతా ఆయన్ని డైరెక్టరు గారనే పిలిచేవాళ్ళం. రేడియోలో విని అక్కని వెతుక్కుంటూ వచ్చి, పోటీకి నాటిక రాసివ్వమని అడిగారు. అక్క రెండు నెలలు, రోజుకి గంటన్నర చొప్పున రాసింది. సాపుప్రతి నేను రాశాను.

వార్డు బయట ఉండే ఒక బెంచీ కథ అది. లోపల ఒక చిన్నపిల్లకి జబ్బు. బయట బెంచీ మీద నలుగురు, ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు, రాత్రంతా కూర్చుని బంధువులైపోతారు. తెల్లారి పిల్లకి నయమైందని తెలుస్తుంది. నలుగురూ పేర్లు కూడా అడగడం మర్చిపోయి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు. బెంచీ ఒక్కటే మిగులుతుంది. సాపుప్రతి రాస్తూ ఆ చివరి పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

డైరెక్టరు గారు మాత్రం పెదవి విరిచారు. "అద్భుతంగా ఉందండీ సిస్టర్ గారూ. కానీ చివర్లో ఎవరో ఒకరు పోవాలండీ. జడ్జీలు కళ్ళు తుడుచుకోకపోతే మార్కులు పడవు. ఆ పిల్ల పోయిందనుకోండీ..."

"నా డ్యూటీలో ఎవర్నీ పోనివ్వనండీ," అంది అక్క నవ్వుతూ. ఆయన బతిమాలితే, "సరే, పడుకుని లేచి ఆలోచిస్తాలెండి," అని పంపేసింది. అలా పడుకుని లేచి మూడుసార్లు ఆలోచించింది. మూడుసార్లూ పిల్ల బతికే ఉంది.

అది తొంభై అయిదు, ఫిబ్రవరి. అక్కకి ఏడు రాత్రుల డ్యూటీ పడింది. అందులో మూడో రోజు, మంగళవారం, పదకొండు గంటలవుతుంటే డైరెక్టరు గారు స్కూటరు దిగారు. నేను రాయి దగ్గర బట్టలుతుకుతున్నాను.

"సిస్టర్ గారున్నారా అండీ?"

"పడుకున్నారండీ. మూడింటికి లేస్తారు."

ఆయన పలక చదివి నిట్టూర్చారు. "మూడింటికి నేను డిపోలో ఉండాలండీ. శుక్రవారం హనుమాన్ జంక్షన్ దగ్గర మన ప్రదర్శన. ఎండింగు ఇవాళ చేతికి రాకపోతే లాభం లేదు. గుంటూరాయన నాటికొకటి ఉంది, కుర్రాళ్ళకి అది నోటికొచ్చు కూడాను. దాంతోనే వెళ్ళిపోతాం. ఏమీ అనుకోవద్దని సిస్టర్ గారికి మీరే చెప్పండమ్మా." స్కూటరు వెనక్కి తిప్పుతున్నారు.

అక్క నాటిక పోటీకి వెళ్ళాలి, షీల్డు తేవాలి. అంతే కాదు, తెర పక్కన నిలబడి మాటలందించే పని నాకిస్తానని, మైకులో నా పేరు చదివిస్తానని డైరెక్టరు గారు మాటిచ్చి ఉన్నారు. నేను చేసింది సగం అక్క కోసం, సగం నా కోసం అని చాలాకాలం సరిపెట్టుకున్నాను. నా సగమే పెద్దదని ఇప్పుడు తెలుసు.

"ఒక్క నిమిషం ఆగండి," అన్నాను. తడి చేతులు చీరకి తుడుచుకుని వెళ్ళి, మేకు మీంచి పలక తీసి, కొంగు చాటున మా ఇంట్లోకి తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పెట్టాను. తిరిగొచ్చి, "తలుపు కొట్టండి, ఈపాటికి మెలకువ వచ్చేసుంటుంది," అన్నాను. ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, తల దించుకుని చెప్పులు విప్పారు. రెండుసార్లు కొట్టి, ఆగి, మళ్ళీ ఒకసారి కొట్టారు.

తలుపు తెరుచుకుంది. చెవుల్లో దూది అలాగే ఉంది. కళ్ళు ఎర్రగా, జుట్టు విరబోసుకుని అక్క నిలబడింది.

"ఏమైంది? ఇల్లు తగలబడుతోందా?" అంది. తలుపు వంక చూసింది. "పలక లేదా ఇక్కడ?"

డైరెక్టరు గారు మళ్ళీ నా వంక చూశారు. "ఏమోనండీ, నేను గమనించలేదు," అన్నారు.

"పెట్టాననే గుర్తే..." అంటూ అక్క ఖాళీ మేకుని వేలితో తడిమింది. నేను బకెట్లో జాకెట్టు పిండుతున్నాను. పిండిందే పిండుతున్నాను.

ఆ రోజు అక్క సాయంత్రం దాకా రాసింది. ఆయన డిపోకి వెళ్ళేలోపు సగం, వెళ్ళాక సగం. నేను మూడుసార్లు టీ పెట్టిచ్చాను, ఏదో సేవ చేస్తున్నట్టు. ఆరింటికి నాటికలో పిల్ల చచ్చిపోయింది. అక్క ఆ కాగితాలు నాకిచ్చి, తల దువ్వుకుని డ్యూటీకి వెళ్ళింది. ఆమె వెళ్ళాక నేను పలక తీసుకెళ్ళి వాళ్ళ కిటికీ గట్టు మీద, దుప్పటి మడత పక్కన పెట్టేశాను. మర్నాడు వచ్చి చూసుకుని, "చూడవే, కిటికీలోనే పెట్టి తలుపుకి పెట్టాననుకున్నాను. బుర్ర పనిచెయ్యట్లా," అంది.

అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. "అలసటక్కా, అంతే," అన్నాను.

ఆ బుధవారం పలక తగిలించుకునే పడుకుంది గానీ నిద్ర పట్టలేదు. ఒకసారి బెదిరిన నిద్ర పిలిస్తే రాదు. పైగా మధ్యాహ్నం రిహార్సలుకి రమ్మని పిలుపు. మళ్ళీ కళ్ళు మూయకుండానే డ్యూటీకి వెళ్ళింది.

గురువారం పొద్దున్న తొమ్మిదిన్నర దాటాక వచ్చింది. ఇంట్లోకి వెళ్ళకుండా బట్టలుతికే రాయి మీద కూర్చుంది. నేను మంచినీళ్ళు తెచ్చిస్తే గ్లాసు పట్టుకుందే గానీ తాగలేదు.

"తొమ్మిదో మంచం పిల్లకి ఇవ్వాల్సింది ఒక మందు. నేను సిరంజిలోకి ఎక్కించింది ఇంకోటి. సూది గుచ్చబోతున్నాను. వన్‌టౌన్ నుంచొచ్చిన సాయిబులావిడ, ఆ పిల్ల తల్లి, 'నిన్నటిది పచ్చగా ఉందిగదమ్మా, ఇవాళ తెల్లగా ఉందేం?' అని అడిగింది."

నేను రాయి పక్కన కింద కూర్చున్నాను.

"అడిగింది కాబట్టి సరిపోయింది. అడక్కపోతే? ఆవిడ నన్ను నమ్మి నిద్రపోయుంటే?" గ్లాసు కింద పెట్టింది. "మొన్న కాగితం మీద పిల్లని చంపాను చూడు. ఆ చేత్తోనే."

"ఏం కాలేదు కదక్కా..."

"కాలేదు. అలా కాకుండా ఆపింది నేను కాదు, ఆవిడ." చేతుల వంక చూసుకుంటూ అంది, "రెండూ చేసేంత నిద్ర నా దగ్గర లేదే అమ్మాయ్. ఏదో ఒకటే చెయ్యగలను. పలక ఎక్కడ పెట్టానో కూడా తెలియని మనిషిని."

శుక్రవారం నాటిక ఆడారు. జనం ఏడ్చారు. రెండో బహుమతి వచ్చింది. మైకులో నా పేరు చదివారు. అక్క రాలేదు, ఇంట్లో పడుకుంది. డైరెక్టరు గారు షీల్డు తెచ్చిస్తే, మీ దగ్గరే ఉంచుకోండని ఆయన చేతుల్లోనే పెట్టేసింది. ఆ తరవాత ఆమె ఒక్క నాటికా రాయలేదు. పీట గుమ్మంలో అలాగే ఉండేది. మూడింటికి లేచి టీ తాగి, దానిమీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుకునేది.

మనిషిలో ఒకటి ఆగిపోతే పైకి ఏమీ తెలియదు. అక్క ఎప్పటిలాగే నవ్వేది, మామ్మగారికి బీపీ చూసేది, పిల్లలకి సూదులేసేది. నాకు మాత్రం ఆ ఇంట్లో పదకొండయ్యేసరికి తలుపు చప్పుడు వినపడేది. రెండుసార్లు, ఆగి, మళ్ళీ ఒకసారి. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండేవారు కాదు. అది అక్క తలుపా, నా తలుపా అన్నది కూడా తెలిసేది కాదు. మూడేళ్ళ తరవాత మా ఆయనకి బదిలీ అయి చల్లపల్లి వచ్చేశాం. ఇక్కడా వినపడుతుంది. ఇల్లు మారినా చప్పుడు మారలేదు.

నా కథలు వారపత్రికల్లో వస్తుండేవి. ప్రతి కథా అక్క చదివేది. ఫోన్లు అందరికీ వచ్చాక నెలకి రెండుసార్లైనా చేసేది. తిన్నావా అని లోకమంతా అడుగుతుంది. అక్క మొదటి మాటే, "పడుకున్నావా?" తరవాతే మిగతా కబుర్లు. "పోయిన వారం కథ బాగుందే. మూడో పేరా మాత్రం జాగారం చేసి రాశావు," అనేది. ఒక్కసారి కూడా ఆ లెక్క తప్పలేదు. "నువ్వూ ఏదైనా రాయకూడదా అక్కా?" అని ఒక్కసారే అడగగలిగాను. "నా బదులు నువ్వు రాస్తున్నావుగా. నీ బదులు నేను పడుకుంటున్నా," అని నవ్వింది.

నేను రాసిన ప్రతి కథ వెనకా ఆమె రాయని కథ ఒకటి ఉందని నాకు అనిపిస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్ది, ఒక కునుకు తీసి, మూడింటికి కాగితాలు ముందేసుకుంటాను. ఆ వేళ అక్కది. దొంగసొత్తు మీద కూర్చున్నట్టే ఉంటుంది.

ఈ ఏడాది అక్కకి గుండె జబ్బు ముదిరింది. పాతికేళ్ళు డ్యూటీ చేసిన ఆస్పత్రిలోనే మంచం వేశారు. డాక్టర్లు పెదవి విరిచారని వాళ్ళమ్మాయి చెప్పగానే, ఇక ఆగకూడదనుకున్నాను. పోయిన గురువారం పదకొండింటికి చల్లపల్లిలో బస్సెక్కాను. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు, దారి పొడవునా ఒక్కటే మాట పెదవుల మీద కూడబలుక్కుంటున్నాను. "అక్కా, ఆ రోజు పలక తీసింది నేనే." అంతే కదా, ఎంతసేపు పడుతుంది చెప్పడానికి?

నేను వెళ్ళేసరికి రెండయింది. వాళ్ళమ్మాయి వరండాలోనే ఎదురొచ్చింది. ఇప్పుడు కాలేజీలో లెక్చరరు. "నాలుగు రోజుల్నించి అస్సలు నిద్ర లేదాంటీ. పడుకుంటే ఆయాసం. ఇప్పుడే, పది నిమిషాలైంది, కన్నంటుకుని. మీరు కూర్చోండి, నేను మందులు తెచ్చుకొస్తా," అని కిందికి వెళ్ళింది.

తలకింద మూడు దిళ్ళు పెట్టి ఉన్నాయి. అక్క సగం కూర్చున్నట్టే ఉంది. సగానికి సగం అయిపోయింది మనిషి. నోరు కొద్దిగా తెరుచుకుని, సన్నగా గురక. పన్నెండేళ్ళు మోసుకొచ్చిన మాట నా గొంతులో ఉంది. భుజం మీద చెయ్యి వేసి "అక్కా" అంటే చాలు, లేస్తుంది. మళ్ళీ దొరుకుతుందో లేదో తెలియదు. చెయ్యి చాపాను కూడా.

అప్పుడే చిన్న నర్సు బీపీ మిషను పట్టుకుని వచ్చింది. నాకే తెలియకుండా లేచి మంచానికి అడ్డంగా నిలబడ్డాను.

"లేపొద్దమ్మా. ఇప్పుడే పడుకుంది."

"చార్టులో రాయాలండీ మేడం..."

"ఓ గంటాగి రా తల్లీ. నీకు దణ్ణం పెడతాను."

ఆ పిల్ల అక్క మొహం వంక చూసి, ఊపిరి లెక్క చూసుకుంది. "సరేనండీ. నిద్రపోయేవాళ్ళని ఊరికే లేపొద్దని మాకు చెప్పింది సిస్టర్ గారేనండీ," అని మెల్లగా వెళ్ళిపోయింది.

నేను మళ్ళీ కూర్చున్నాను. మూడయింది. నాలుగయింది. అక్క కదల్లేదు. ఆ రోజు ఆమె మంచి కోసమే లేపాననుకున్నాను. ఇప్పుడు లేపితే అది నా బరువు దింపుకోవడానికి. ఆ తేడా తెలిశాక చెయ్యి ముందుకి రాలేదు. అయిదింటికి నా బస్సు. మళ్ళీ ఆదివారం వస్తానని అమ్మాయితో చెప్పి, వేళ్ళ మీద నడుచుకుంటూ బయటికి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని కంకిపాడు దాకా ఏడ్చాను.

ఆదివారం రాలేదు అక్కకి. శనివారం మధ్యాహ్నం సమాధుల తోటలో అందరూ మట్టి వేసి వెళ్ళిపోయాక, వాళ్ళమ్మాయి నా పక్కకొచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"ఆంటీ, మీకో మాట చెప్పడం మర్చిపోయాను. గురువారం మీరెళ్ళాక అమ్మ ఏడింటికి లేచింది. 'ఆంటీ వచ్చిందమ్మా, మూడు గంటలు కూర్చుని వెళ్ళిపోయింది' అని చెప్పా. 'నన్ను లేపలేదా?' అంది. లేదన్నాను, నర్సుని కూడా లేపనివ్వలేదట అన్నాను. నవ్విందాంటీ. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. 'అయితే దానికి బుద్ధొచ్చిందన్నమాట. ఇన్నేళ్ళు పట్టింది' అంది. ఎందుకలా అంది? మీరెప్పుడైనా అమ్మని లేపారా?"

తెలుసా అక్కకి? డైరెక్టరు గారు ఎప్పుడైనా చెప్పారా, లేక ఖాళీ మేకు తడిమిన రోజే తెలిసిందా? తెలిసే ఇన్నేళ్ళూ ఫోన్ చేసి పడుకున్నావా అని అడిగిందా? లేక అది ఊరికే అన్న మాటేనా? అడగడానికి మనిషి లేదు. ఎదురుగా ఉన్నది కొత్త మట్టి.

"లేపానమ్మా. ఒక్కసారి. నీ చిన్నప్పుడు," అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది.

"అలా అన్నాక అమ్మ ఏం చేసింది?" అని అడిగాను.

"ఏం లేదాంటీ. కాసిని మంచినీళ్ళు తాగింది. గోడవైపు తిరిగి, దుప్పటి మొహం మీదకి లాక్కుని, మళ్ళీ పడుకుంది."